ఉత్తరం ఒకచోట, పేర్లు ఒకచోట

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. 1911లో పుట్టిన చిత్తూరు జిల్లా ఆ రోజుతో మూడు భాగాలైంది. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, చంద్రగిరి ప్రాంతాలు కొత్త తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట, వెంకటగిరి, గూడూరు వచ్చి అందులో చేరాయి. మదనపల్లె, పీలేరు వైపు మండలాలు అన్నమయ్య జిల్లాకు పోయాయి. ఎవరూ ఇల్లు మారలేదు, వీధి మారలేదు, పిన్‌కోడు కూడా మారలేదు. చిరునామాలో మారింది ఒక్క మాట. ఆ ఒక్క మాటే బ్యాంకులో, కాలేజీలో, పాల సొసైటీలో, ఉద్యోగ సంఘంలో, సభ్యులకు ఏటా నోటీసు పంపే ప్రతి ఆఫీసులో వేలసార్లు రాసి ఉంటుంది. ఉత్తరాలను విడివిడిగా టైపు చేసి, పేరూ చిరునామా వాటిలోనే కలిపి దాచుకున్న ఆఫీసువాళ్లు ఒక్కొక్క ఫైలూ తెరిచి దిద్దుకోవాలి. ఉత్తరాన్ని ఒక ఫైలులో, చిరునామాలను ఇంకో ఫైలులో పెట్టుకున్నవాళ్లకు పని చాలా చిన్నది. పాత చిత్తూరు జిల్లాలో 66 మండలాలు ఉండేవి. మండలం పేరు, దాని ఎదురుగా జిల్లా పేరు రాసిన 66 వరుసల పట్టిక ఒకటి తయారు చేసుకుంటే చాలు, చిరునామాలు ఎన్ని వేలున్నా జిల్లా పేరు దానంతటదే సరిపడుతుంది. పిన్‌కోడును బట్టి జిల్లా కనుక్కుందామంటే కుదరదు. మదనపల్లె 517325, శ్రీకాళహస్తి 517644, పలమనేరు 517408. మూడూ 517తోనే మొదలవుతాయి, 2022 తర్వాత మూడూ మూడు జిల్లాలు. అటు సూళ్లూరుపేట 524121 తిరుపతి జిల్లాలో ఉండి కూడా నెల్లూరు వరసలోనే ఉంది.

ఒకే ఉత్తరాన్ని వందలమందికి వాళ్ల వాళ్ల పేర్లతో తయారు చేయడాన్ని వర్డ్ ప్రాసెసర్‌లో మెయిల్ మెర్జ్ అంటారు. కంప్యూటర్ సెంటర్లలో దీన్ని బటన్ల వరసగా నేర్పుతారు: ఇక్కడ నొక్కు, ఫైలు చూపించు, ప్రింటు కొట్టు. అలా నేర్చుకున్నవాళ్లకు అసలు సంగతి అందదు. కలిపే పని యంత్రం క్షణంలో చేస్తుంది, అందులో తెలివేమీ లేదు. ఏది మారనిది, ఏది మనిషి మనిషికీ మారేది అని ముందే తేల్చుకుని, మారేదాన్ని ఏ ప్రోగ్రామైనా చదవగల సాదా టెక్స్ట్ ఫైలులో, యూనికోడ్ తెలుగులో, తప్పుల్లేకుండా ఉంచుకోవడమే అసలు పని. మన ఆఫీసుల్లో ఈ ఆటోమేషన్ విఫలమైన చోట్ల కారణం ఎక్కువగా ఈ ఫైలులోనే దొరుకుతుంది.

మారనిదాన్ని మారేదాన్నుంచి విడదీయడం కంప్యూటర్లతో వచ్చిన ఆలోచన కాదు. తిరుమల శాసనాలు చూడండి. సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి పరిశోధనతో దేవస్థానం 1931 నుంచి 1938 దాకా వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. వెయ్యికి పైగా ఉన్న ఈ శాసనాల్లో చాలావరకు తమిళంలో ఉన్నాయి, కొన్ని తెలుగులో, కన్నడంలో. విజయనగర కాలపు దాన శాసనాలు నాలుగైదు వరసగా చదివితే ఒక మూస కనిపిస్తుంది. మొదట శక సంవత్సరం, తర్వాత ఆ ఏడాది పేరు, మాసం, తిథి, వారం, నక్షత్రం. ఆపైన దాత ఎవరు, ఎన్ని పణాలు చెల్లించాడు, ఆ సొమ్ముతో దేవస్థానం గ్రామాల్లో ఏ చెరువో కాలువో బాగుచేయించి వచ్చే ఫలసాయంతో ఏ నైవేద్యం జరపాలి, ప్రసాదంలో దాతకు చెందే నాలుగో వంతు ఎవరికి పోవాలి. చివర ఇది ఆలయ లెక్కలు రాసే తిరునిన్ఱవూరుడయాన్ రాత అని, శ్రీవైష్ణవుల రక్ష అని ముగింపు. దాత మారతాడు, పణాల సంఖ్య మారుతుంది, తేదీ మారుతుంది. వాక్యాల కట్టు మారదు. ఏ వివరం లేకపోతే దానం చెల్లదో ఆ వివరానికి అందులో తప్పకుండా ఒక చోటు ఉంది. లెక్కలు రాసేవాడు మూసను మనసులో ఉంచుకున్నాడు, వివరాలను రాతి మీద నింపించాడు. ఈ రోజు దేవస్థానం రసీదు అయినా, యూనివర్సిటీ హాల్‌టికెట్ అయినా చేసేది అదే.

యంత్రానికి ఈ పని అప్పగించడం 1964లో ఐబీఎం తెచ్చిన మాగ్నెటిక్ టేప్ టైప్‌రైటర్‌తో గట్టిగా మొదలైంది. రెండు టేపులు పట్టే ఆ యంత్రంలో ఒక టేపు మీద ఉత్తరం, రెండో టేపు మీద పేర్లూ చిరునామాలూ ఉండేవి. ఉత్తరం టేపులో ఆగాల్సిన చోట ఒక గుర్తు వస్తే యంత్రం రెండో టేపు నుంచి పేరు తీసుకుని కొట్టి, మళ్లీ మొదటి టేపుకు వచ్చేది. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్‌కు తోడుగా మెయిల్‌మెర్జ్ అనే ప్రోగ్రామును విడిగా అమ్మారు. మన ఊళ్లలో టైపు ఇన్‌స్టిట్యూట్లు కంప్యూటర్ సెంటర్లుగా మారిన రోజుల్లో నేర్పింది ఆ వర్డ్‌స్టారే. అందులో ఉత్తరం పైభాగాన చుక్కతో మొదలయ్యే ఆజ్ఞలు రెండు రాయాలి. ఒకటి ఏ డేటా ఫైలు తెరవాలో చెబుతుంది, రెండోది ఆ ఫైలులోని అంశాలు ఏ వరసలో ఉన్నాయో చెబుతుంది. ఉత్తరంలో పేరు రావలసిన చోట & గుర్తుల మధ్య ఆ అంశం పేరు పెట్టాలి. డేటా ఫైలు మటుకు కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్. అప్పటి వర్డ్‌స్టార్ ఫైళ్లను నేటి యంత్రంలో తెరవడం తలనొప్పి. దాని పక్కనే ఉన్న కామాల ఫైలును నేటి నోట్‌ప్యాడ్ కూడా ఇట్టే తెరుస్తుంది. డేటాకు సాదా టెక్స్ట్ ఎందుకు మేలో చెప్పడానికి ఇంతకన్నా గట్టి రుజువు అక్కరలేదు.

ఇక ఆ ఫైలును దగ్గరగా చూద్దాం. ఒక మనిషికి ఒక వరుస. వరుసలో పేరు, ఇల్లు, ఊరు, పిన్‌కోడు, బాకీ మొత్తం. మొదటి వరుసలో ఈ శీర్షికలే ఉంటాయి. ఒక అంశం ఎక్కడ ముగిసి రెండోది ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి ఒక గుర్తు కావాలి. కామా పెట్టారనుకోండి. మన చిరునామా చూడండి: 6-8-12, రెండో వీధి, కొర్లగుంట, తిరుపతి. ఇల్లు అనే ఒక్క గడిలో ఉండాల్సినది కామాల దగ్గర ముక్కలై పక్క గడుల్లోకి జరుగుతుంది. పిన్‌కోడు ఉండాల్సిన చోట పేట పేరు వచ్చి కూర్చుంటుంది. మొత్తం రాసేటప్పుడు మనం 1,25,000 అని వేస్తాం. యంత్రానికి అవి మూడు అంశాలు: 1, 25, 000. లక్షా పాతికవేల బాకీ ఉన్న మనిషికి ఒక్క రూపాయి కట్టమని నోటీసు వెళుతుంది. కామా ఉన్న అంశాన్ని జంట కోట్ గుర్తుల మధ్య పెట్టాలన్న నియమం ఉంది, 2005లో దాన్ని ఒక సాంకేతిక పత్రంగా కూడా రాశారు. కానీ చేత్తో టైపు చేసేవాళ్లు ఒక్క కోట్ మూయడం మరిచినా ఇంకో కోట్ గుర్తు వచ్చేదాకా ఉన్న వరుసలన్నీ ఒకే గడిలోకి పోతాయి. ఆస్కీ అనే అక్షర సంకేతాల పట్టికలో 28 నుంచి 31 వరకు నాలుగు స్థానాలను ఇలా విడదీసే పనికోసమే కేటాయించారు. కీబోర్డు మీద వాటికి మీటలు లేవు కాబట్టి మామూలు ఆఫీసుల్లో ఎవరూ వాడలేదు. అందుకే మన చిరునామాలకు ట్యాబ్ గానీ, నిలువు గీత | గానీ మంచిది. తెలుగులో చిరునామా రాసేవాళ్లెవరూ ఆ రెండూ వాడరు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఎక్సెల్ ఉండగా ఈ టెక్స్ట్ ఫైలు ఎందుకు, గడులు కళ్లముందే కనిపిస్తాయి కదా అని. నిజమే, గడులు కనిపిస్తాయి. ఆ గడుల్లో మనం పెట్టినదే ఉందా అన్నది వేరే ప్రశ్న. 6-8-12 అనే డోర్ నంబరును ఎక్సెల్‌లో టైపు చేస్తే అది తేదీ అనుకుంటుంది. మన సెట్టింగులో 2012 ఆగస్టు 6, అమెరికా సెట్టింగులో జూన్ 8. తిరుపతి ఎస్‌టీడీ కోడు 0877ను పెడితే ముందున్న సున్నా తీసేసి 877 చేస్తుంది. చిత్తూరు 08572 కూడా అంతే. పదిహేను అంకెలు దాటిన సంఖ్య ఏదైనా ఉంటే పదహారో అంకె నుంచి సున్నాలు పెడుతుంది. ఇవన్నీ చెప్పకుండా చేస్తుంది, సేవ్ చేశాక పాత విలువ తిరిగి రాదు. ఈ ముప్పు మన ఆఫీసులకే పరిమితం కాదు. జన్యువుల జాబితాలను ఎక్సెల్‌లో జతచేసిన శాస్త్ర పత్రాలను పరిశీలించి, వాటిలో దాదాపు ఐదో వంతులో జన్యువుల పేర్లు తేదీలుగా, అంకెలుగా మారిపోయాయని 2016లో జీనోమ్ బయాలజీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. సెప్ట్1 అనే జన్యువును ఆ ప్రోగ్రాము సెప్టెంబరు 1 అనుకుంది. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీయే ఆ పేర్లు మార్చుకుంది. 2023లో ఈ మార్పిళ్లను ఆపే వీలు ఎక్సెల్‌లో పెట్టారు, మంచిదే. అయినా ప్రతి యంత్రంలో ఆ సెట్టింగు ఎవరో ఒకరు మార్చి ఉండాలి. టెక్స్ట్ ఫైలులో 0877 అంటే నాలుగు అంకెల గుర్తులు, అంతే. లెక్కలు వేయడానికి ఎక్సెల్ వాడుకోవచ్చు. పేర్లకూ చిరునామాలకూ మూలప్రతిగా దాన్ని ఉంచుకోకూడదు.

అక్షరాల సంగతి ఇంకా లోతైనది. తెలుగు డీటీపీ చాలా ఏళ్లు అను, శ్రీలిపి వంటి ఫాంట్ల మీద నడిచింది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, సొసైటీ నోటీసులు అన్నీ వాటిలోనే అచ్చయ్యాయి, ఆ మేలు మరవకూడదు. కానీ వాటి పద్ధతిలో ఫైలు లోపల ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు. వాటి మీద తెలుగు రూపాలు గీసిన ఫాంటు తొడిగారు. ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. మెయిల్ మెర్జ్‌లో డేటా ఫైలుకు ఫాంటు అనేదే ఉండదు, వట్టి సంకేతాలే ఉంటాయి. కాబట్టి ఆ జాబితాను టెక్స్ట్‌గా సేవ్ చేసిన క్షణాన తెలుగు మాయమై పిచ్చి గుర్తులు మిగులుతాయి. పైగా కొన్ని ఫాంట్లలో విరామ చిహ్నాల స్థానాల్లో కూడా తెలుగు ముక్కలు ఉంటాయి. అలాంటి జాబితాను కామా దగ్గర విడదీయమంటే యంత్రం అక్షరం మధ్యలో కోస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే సొంత స్థానాలు ఉన్నాయి, విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. తిరుపతి అనే మాటలో ఏడు సంకేతాలు, 21 బైట్లు. చిత్తూరులో ఒత్తుతో కలిపి ఎనిమిది, 24 బైట్లు. వర్డ్‌కు గానీ లిబర్‌ఆఫీస్‌కు గానీ ఈ ఫైలు యూటీఎఫ్-8 అని చెప్పకపోతే, అది పాత పాశ్చాత్య పద్ధతి అనుకుని ఒక్కో సంకేతానికి మూడేసి వింత గుర్తులు అచ్చువేస్తుంది. ఇది చూసి చాలామంది తెలుగులో మెయిల్ మెర్జ్ కుదరదని వదిలేశారు. ఫైలు తెరిచేటప్పుడు అడిగే అక్షర సముదాయం దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోయేది. నోట్‌ప్యాడ్‌లో ఆన్సీ అనే ఆ పాత పద్ధతిలో సేవ్ చేస్తే మాత్రం తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది, దానికి మందు లేదు. యూనికోడ్‌లో ఉన్న జాబితాకు ఏ ఫాంటైనా తొడగవచ్చు. శ్రీకాళహస్తి కవి పేరు పెట్టిన ధూర్జటి ఫాంటుతో ఆహ్వానం, మామూలు ఫాంటుతో కవరు మీద చిరునామా, రెండూ ఒకే ఫైలు నుంచి.

యూనికోడ్‌లోనూ ఒకటి రెండు చిక్కులున్నాయి. తిరుపతిలో బైరాగిపట్టెడ అనే పేటను తీసుకోండి. అందులోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం కింద ఐత్వపు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే. యంత్రం మాత్రం వాటిని రెండు వేర్వేరు పేటలుగా లెక్కిస్తుంది, ఒకే ఇంటికి రెండు ఉత్తరాలు పోతాయి. యూనికోడ్‌లోనే ఉన్న ఏకరూపత నియమాన్ని ఫైలుకు ఒకసారి వర్తింపజేస్తే ఈ తేడా పోతుంది. రాజ్‌కుమార్ వంటి పేర్లలో పొల్లు తర్వాత కనిపించకుండా ఉండే విడదీత గుర్తు ఇంకోటి. దాన్ని వాడితే అందరి పేర్లలోనూ ఒకేలా వాడాలి.

ఇక భాష. ఇంగ్లిష్ మూసలో పేరును ఎక్కడ పెట్టినా అది మారదు. తెలుగులో పేరు విభక్తిని బట్టి మారుతుంది. రవికి, సీతకు, రాముడికి. కుప్పానికి, మదనపల్లెకు. పేరు పక్కన కు అని మూసలో ముందే టైపు చేసి పెడితే కుప్పంకు, రవికు అని అచ్చవుతుంది. అది చదివిన మనిషికి ఉత్తరం యంత్రం రాసిందని తెలిసిపోతుంది. దీనికి నియమాలు రాసి ప్రోగ్రాముతో చేయించడం అసాధ్యం కాదు, కానీ ఇంటిపేర్లు, పొడి అక్షరాలు, తమిళ, కన్నడ, ఉర్దూ పేర్లు కలిసి ఉండే మన సరిహద్దు మండలాల్లో ఆ నియమాలకు అంతుండదు. భాషే తేలిక దారి చూపిస్తోంది. పేరు తర్వాత గారు చేరిస్తే విభక్తి గారు మీదికి పోతుంది. రవి గారికి, సీత గారికి, రాముడు గారికి, సుబ్రహ్మణ్యం గారికి. పేరు మాత్రం ఫైలులో ఉన్నట్టే ఉంటుంది. ఊరి తర్వాత మండలం అనో గ్రామం అనో పెడితే కుప్పం మండలానికి, మదనపల్లె మండలానికి అని అన్నిటికీ ఒకే తీరు కుదురుతుంది. హాజరు కాగలరు, చెల్లించగలరు అని ముగిస్తే ఆడా మగా తేడా రాదు. మూస రాసేవాళ్లు ఇంగ్లిష్ నోటీసును తెలుగు చేయడం మాని, మొదటి నుంచీ ఈ కట్టులో ఆలోచించాలి. అప్పుడు ఉత్తరం మర్యాదగానూ ఉంటుంది, వ్యాకరణమూ తప్పదు.

ఇన్ని సర్దుకున్నాక ఆటోమేషన్ చేయాల్సింది ఏమిటి? వర్డ్‌లో మాక్రో రాస్తే ఓపెన్‌డేటాసోర్స్ అనే ఆజ్ఞ ఫైలును తెరుస్తుంది, ఎగ్జిక్యూట్ అనేది కలుపుతుంది. లిబర్‌ఆఫీస్‌లో ఒక ఫోల్డరును డేటా మూలంగా నమోదు చేస్తే అందులోని ప్రతి టెక్స్ట్ ఫైలూ ఒక పట్టికగా కనిపిస్తుంది. పట్టికను అక్కడినుంచి చదవగలం గానీ మార్చలేం, ఇది మంచి రక్షణ. నెలనెలా కొత్త జాబితాను పాత పేరుతోనే ఆ ఫోల్డరులో పెడితే మిగతాది అదే జరిగిపోతుంది. ఇంతవరకూ అందరూ చేస్తారు. చేయనిది తనిఖీ. చేత్తో టైపు చేసేటప్పుడు తప్పు ఒక ఉత్తరంలో పడుతుంది, మూసలో పడిన తప్పు అన్ని ఉత్తరాల్లోకీ వెళుతుంది. అందుకని యంత్రం చేత పని చేయించాలనుకుంటే తనిఖీ కూడా దానిచేతే చేయించాలి. ప్రతి వరుసలో శీర్షికలో ఉన్నన్ని అంశాలే ఉన్నాయా, పిన్‌కోడులో సరిగ్గా ఆరు అంకెలు ఉన్నాయా, మొదటి అంకె సున్నా కాదుకదా, పేరులో ప్రశ్నార్థకం ఉందా, వరుసలు ఎన్నో ఉత్తరాలు అన్నే వచ్చాయా. తప్పిన వరుసను ఉత్తరంగా మార్చకుండా పక్క ఫైలులో పెట్టి, ఏ వరుస ఎందుకు ఆగిందో రాయాలి. ఇది పది పన్నెండు పంక్తుల పని. ఈ తనిఖీ లేని మెయిల్ మెర్జ్‌ను ఏ ఆఫీసూ నమ్మకూడదు.

ఉత్తరాల కాలం పోయింది, ఇప్పుడంతా ఎస్ఎమ్ఎస్సూ వాట్సాపే కదా అని అడిగేవాళ్లుంటారు. పెళ్లి పత్రిక పంపిన దంపతులకు తిరుమల నుంచి కుంకుమ, తలంబ్రాలు ఇంకా పోస్టులోనే వెళుతున్నాయి. దాన్ని పక్కన పెట్టినా, ఎస్ఎమ్ఎస్ కూడా ఇదే పద్ధతి మీద నడుస్తోంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల వల్ల సంస్థలు పంపే సందేశాల మూసను ముందే నమోదు చేయించాలి, మారే చోట ఒక గుర్తు పెట్టాలి. పేర్లూ మొత్తాలూ వేరే ఫైలు నుంచే వస్తాయి. ఇంగ్లిష్ ఎస్ఎమ్ఎస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 సంకేతాలే పడతాయి కాబట్టి మూసను ఇంకా జాగ్రత్తగా రాయాలి. సాదా టెక్స్ట్‌ను ఎవరైనా చదివేస్తారన్న భయం మాత్రం న్యాయమైనదే. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైలును పెన్‌డ్రైవులో పెట్టుకుని తిరగడం, వాట్సాప్ గ్రూపులో వేయడం తప్పు. వర్డ్ ఫైలులో పెట్టినంత మాత్రాన ఆ వివరాలకు తాళం పడినట్టు కాదు, దాన్నీ ఎవరైనా తెరవగలరు. తాళం వేయాల్సింది ఫోల్డరుకు, యంత్రానికి.

మీ ఆఫీసులోనో, మీ సంఘంలోనో సభ్యుల జాబితా ఇంకా అను ఫాంటులో ఉంటే, దాన్ని టైపు చేసిన మనిషి రిటైర్ కాకముందే యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చిన జాబితాను అచ్చుతీసి, పేర్లు తెలిసిన పాతవాళ్ల చేత ఒకసారి చదివించండి. యంత్రం చేసే తనిఖీల్లో ఏదీ ఒక మనిషి పేరు సరిగ్గా ఉందో లేదో చెప్పలేదు.